బాత్రూంలో కనిపించే గుడ్డిపాము: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడిందంటే చాలు, ఒకే రకం ఫోటోలు వరసగా వస్తాయి. తడి టైల్స్ మీద నల్లగా సన్నటి గీత, పక్కన చీపురో చెప్పో. "ఇది పామా, వానపామా? విషమా?" అని కింద ప్రశ్న. సగం ఫోటోల్లో అది అప్పటికే చచ్చి ఉంటుంది. అందరూ అడిగేవి దాదాపు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తా: దీనికి విషం లేదు. కరవదు, కరుద్దామన్నా నోరు చాలదు.

అసలు ఇదేం పాము?

శాస్త్రీయ నామం ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్. ఇంగ్లిష్‌లో బ్రాహ్మినీ బ్లైండ్ స్నేక్ అనీ, ఫ్లవర్‌పాట్ స్నేక్ అనీ అంటారు. మనవాళ్ళు గుడ్డిపాము అంటారు, కొన్నిచోట్ల రెండు తలల పాము అని కూడా. పాత పుస్తకాల్లో టిఫ్లాప్స్ బ్రామినస్, రామ్ఫోటిఫ్లాప్స్ బ్రామినస్ అని ఉంటే అదీ ఇదే. 2014లో దీన్ని కొత్త ప్రజాతిలోకి, అంటే దగ్గరి జాతుల ఇంకో గుంపులోకి, మార్చారు.

బాగా ఎదిగినది 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది, ఎప్పుడో ఒకటి ఇంకాస్త పొడుగు. లావు బాల్‌పెన్ రీఫిల్ అంత. రంగు నలుపు లేదా ముదురు గోధుమ, పొట్టవైపు కొంచెం లేత.

ఇంత చిన్నది కదా, పాము పిల్లే అయ్యుంటుంది. తల్లి ఇంట్లోనే ఎక్కడో ఉందా?

పిల్ల కాదు. అదే పూర్తి సైజు. మీరు చూసిందే తల్లి అయ్యుండొచ్చు కూడా. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల అయితే సుమారు 5, 6 సెంటీమీటర్లే ఉంటుంది, దాన్ని మనం వానపాము అనుకుని దాటేస్తాం. పెద్ద పాము కోసం మంచాలు, బీరువాలు జరిపి వెతకాల్సిన పనిలేదు.

వానపాముకీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

ముందు కదలిక చూడండి. వానపాము సాగుతుంది, ముడుచుకుంటుంది. ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా అవుతుంది. గుడ్డిపాము పొడుగు మారదు. పక్కకీ పక్కకీ మెలికలు తిరుగుతూ చకచకా పోతుంది. నున్నటి టైల్స్ మీద పట్టు దొరకదు కాబట్టి అక్కడక్కడే కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది, అది చూసే చాలామంది హడలిపోతారు.

తర్వాత ఒళ్ళు. వానపాము తడిగా, జిగురుగా, ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది. గుడ్డిపాము పొడిగా, పాలిష్ పెట్టినట్టు నిగనిగలాడుతుంది. ఫోన్ కెమెరాతో దగ్గరగా జూమ్ చేస్తే పొలుసులు వరసల్లో కనిపిస్తాయి. మధ్యలో ఎక్కడ చుట్టూ లెక్కపెట్టినా 20 వరసలే. మామూలు పాములకి పొట్ట కింద వెడల్పాటి పట్టీల్లాంటి పొలుసులు ఉంటాయి, దీనికి అవి లేవు. వీపు మీద ఏ పొలుసులో, పొట్ట కిందా అవే. కాసేపు ఓపిగ్గా చూస్తే ముందు కొసనుంచి సన్నటి నాలుక బయటికొచ్చి లోపలికి పోతూ ఉంటుంది. వానపాముకి నాలుక లేదు. అక్కడితో సందేహం తీరిపోతుంది.

లోపల వెన్నెముక, పక్కటెముకలు అన్నీ ఉన్నాయి. అన్ని విధాలా పామే.

దీనికి తల ఎటు, తోక ఎటు?

రెండు తలల పాము అన్న పేరుకి తగ్గట్టే రెండు కొసలూ ఒకేలా మొద్దుగా ఉంటాయి, మెడ అంటూ విడిగా ఉండదు. నాలుక ఆడేది తలవైపు. అటువైపే పొలుసుల కింద రెండు నల్లటి చుక్కలు మసగ్గా కనిపిస్తాయి, అవే కళ్ళు. తోక చాలా పొట్టి. దాని చివర చిన్న ముల్లు ఉంటుంది. మట్టిలో ముందుకి తోసుకోవడానికి ఆ ముల్లుని ఆనించుకుంటుంది.

అరచేతిలోకి తీసుకుంటే ఆ ముల్లునే చర్మానికి గుచ్చుతుంది. చిన్న చురుకు తగులుతుంది, రక్తం రాదు. "కుట్టింది" అని చెప్పేవాళ్ళంతా చెప్పేది దీని గురించే. ముల్లులో విషం లేదు. దాంతోపాటు వెనకనుంచి కాస్త వాసనొచ్చే ద్రవం వదులుతుంది, సబ్బుతో కడుక్కుంటే పోతుంది.

అయితే అస్సలు ప్రమాదం లేదా?

గుడ్డిపాముతో లేదు. నోరు మూతి కింద చిన్న చీలికలా ఉంటుంది, మన చర్మాన్ని పట్టుకునేంత తెరుచుకోదు.

ప్రమాదమల్లా పొరపాటుగా గుర్తుపట్టడంలో ఉంది. కట్లపాము పిల్ల కూడా సన్నగా నల్లగా ఉంటుంది. దానికి మెరిసే కళ్ళు, వీపు మీద తెల్లటి అడ్డచారలు ఉంటాయి, గుడ్డులోంచి వచ్చేసరికే గుడ్డిపాము కంటే చాలా పొడుగు. ఒంటిమీద చారలుగానీ మచ్చలుగానీ, విడిగా తెలిసే తలగానీ ఉంటే అది గుడ్డిపాము కాదనుకుని దూరంగా ఉండండి. ఏ పాము కరిచిందో తెలియనప్పుడు "గుడ్డిపామే అయ్యుంటుందిలే" అని ఇంట్లో కూర్చోకండి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి.

లక్షల ఖరీదు చేసే రెండు తలల పాము ఇదేనా?

కాదు. అదృష్టం తెస్తుందనీ, మందుల్లో వాడతారనీ చెప్పి మోసగాళ్ళు అమ్మజూపేది రెడ్ శాండ్ బోవా అనే పామును. అది మూడడుగుల దాకా పెరుగుతుంది, చెయ్యంత లావుంటుంది, పొట్టి తోక మొద్దుగా ఉండి రెండో తలలా కనిపిస్తుంది. దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఏటా మన రెండు రాష్ట్రాల్లోనూ కేసులు పడుతూనే ఉన్నాయి. దానికీ అదృష్టానికీ సంబంధం లేదు. తూకం వేసి బరువుని బట్టి లక్షలు చెబుతారంటేనే అది ఏ రకం బేరమో తెలిసిపోతోంది.

దీన్ని మొదట గుర్తించింది విశాఖపట్నంలోనే అంటారు, నిజమేనా?

నిజం. నాకు ఈ పాము మీద ప్రత్యేకమైన ఇష్టం కలగడానికి ఇదొక కారణం.

పాట్రిక్ రస్సెల్ అని ఒక స్కాట్లండ్ డాక్టరు. ఇంగ్లిష్‌లో రక్తపింజరిని రస్సెల్స్ వైపర్ అంటారు కదా, ఆ రస్సెలే. సిరియాలోని అలెప్పోలో ఏళ్ళ తరబడి వైద్యం చేసి, 1781లో సోదరుడితో కలిసి విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ అతన్ని తమ ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకుంది. పాముకాటుతో జనం చచ్చిపోతుంటే ఏది విషపుదో ఏది కాదో చెప్పే పుస్తకం లేదని, కోరమాండల్ తీరంలో దొరికిన పాములన్నీ సేకరించి, బొమ్మలు వేయించి, స్థానికులు వాటిని ఏమంటారో కూడా రాసి పెట్టుకున్నాడు. ఆ పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. అందులో 43వ బొమ్మ మన గుడ్డిపాము. పేరు దగ్గర ఇంగ్లిష్ అక్షరాల్లో "రొండూ తలూలూ పాం" అని ఉంటుంది. విశాఖలో ఎవరో "రొండు తలల పాము" అని చెప్పింది ఆ దొర తన చెవికి విన్నది విన్నట్టు దించుకున్నాడు.

ఆ బొమ్మనీ వర్ణననీ పట్టుకుని 1803లో ఫ్రాన్సులో దోదాఁ అనే శాస్త్రవేత్త దీనికి లాటిన్ పేరు పెట్టాడు. ఆయన మన దేశం మొహం చూసినవాడు కాదు. పెట్టిన పేరు ఎరిక్స్ బ్రామినస్. ఎరిక్స్ అంటే పైన చెప్పిన శాండ్ బోవాల ప్రజాతి! మన జనం రెండింటినీ రెండు తలల పాము అన్నట్టే, పారిస్‌లో కూర్చున్న ఆయన కూడా రెండింటినీ ఒకే ఇంట్లో పడేశాడు. ప్రజాతి తర్వాత ఎన్నోసార్లు మారింది. బ్రామినస్ మాత్రం నిలిచింది. ఈ రోజుకీ ప్రపంచంలో ఏ పుస్తకం తీసినా ఈ జాతికి మూలస్థానం, అంటే మొదట వర్ణించిన పాము దొరికిన చోటు, అన్నచోట విశాఖపట్నమే ఉంటుంది.

ఏం తింటుంది?

చీమల గుడ్లు, లార్వాలు, ప్యూపాలు, చెదపురుగులు. మొక్కల వేళ్ళు తినదు, మట్టి తినదు. కుండీలో మొక్క వాడిపోతే ఆ నింద దీని మీద వేయకండి.

చీమల గూట్లో దూరి వాటి పిల్లల్ని తినడమంటే సామాన్యమైన పని కాదు. చీమలు ఊరుకోవు. ఒళ్ళంతా నున్నటి పొలుసులు సందు లేకుండా ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉండటం వల్ల వాటి కొండీలు దిగవు. కళ్ళమీదా పొలుసులే. అయినా వీలైనంత త్వరగా తిని బయటపడాలి. దీని పళ్ళు పైదవడకి మాత్రమే ఉంటాయి. ఆ దవడ ఎముకలు రెండూ విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి, సెకనుకి మూడుసార్లకి పైనే వెనక్కి ముందుకీ ఊగుతూ తిండిని గొంతులోకి లాగేస్తాయి. మామూలు పాము ఎలుకని అరగంటసేపు మింగడం చూసినవాళ్ళకి ఇది నమ్మబుద్ధి కాదు.

చెదపురుగులతో ఇంకో తమాషా ఉంది. 2015లో జపాన్ పరిశోధకులు ఇద్దరు ఈ పాములకి చెదల్ని పెట్టి చూశారు. పాము చెదపురుగుని వెనకనుంచి నోట్లోకి తీసుకుని, తలని నేలకి రాసి తెంచేసి, మిగతాది మింగుతోంది. అన్నిసార్లూ కాదు గానీ చాలాసార్లు. చెద తల గట్టి పెంకు, అరగదు. తినేదాన్ని ముక్కలు చేసుకోవడం పాముల్లో బహు అరుదు. ఇంతటి తెలివి రీఫిల్ అంత పాముకి ఉందంటే ఆశ్చర్యమే మరి.

మగపాములే లేవంటారు. మరి పిల్లలెలా పుడతాయి?

ఇప్పటిదాకా పరీక్షించిన గుడ్డిపాములన్నీ ఆడవే. మగతోడు లేకుండానే ఒక్కో పాము కొన్ని చిన్న గుడ్లు పెడుతుంది. ఒకటి నుంచి ఏడెనిమిది దాకా. పుట్టేవీ ఆడపిల్లలే, జన్యువుల్లో తల్లికి నకళ్ళు. దీన్ని అనిషేకజననం అంటారు.

1987లో అమెరికన్ పరిశోధకులు దీని క్రోమోజోములు లెక్కపెడితే 42 తేలాయి. సాధారణంగా జంతువులకి రెండు సెట్లు ఉంటాయి, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. దీనికి మూడు సెట్లు, సెట్టుకి 14 చొప్పున. మూడు సెట్లున్న జీవిలో అండాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోములు మామూలు పద్ధతిలో సగానికి సగం పంచుకోవడం కుదరదు. ఎప్పుడో పూర్వం దగ్గరి జాతుల మధ్య కలయిక జరిగి ఇలాంటి మూడు సెట్ల పాము పుట్టి ఉంటుందని, అప్పటినుంచి తండ్రుల అవసరం లేకుండా వంశం నడుస్తోందని అనుకుంటున్నారు. తొండల్లో, బల్లుల్లో ఇలాంటి జాతులు కొన్ని ఉన్నాయి. కొన్ని కొండచిలువలు కూడా మగది దొరకనప్పుడు ఇలా గుడ్లు పెట్టిన సందర్భాలున్నాయి. కానీ పాముల్లో మగవే లేకుండా ఎప్పుడూ ఇలాగే నడిచే జాతిగా రుజువైంది ఇదొక్కటే.

ఫ్లోరిడాలో, దుబాయ్‌లో ఉండే మావాళ్ళ ఇళ్ళల్లో కూడా కనిపించింది. ఒకటేనా?

ఒకటే కావడానికే అవకాశం ఎక్కువ. దీని పుట్టిల్లు దక్షిణాసియా అని శాస్త్రవేత్తల అంచనా. ఇప్పుడు అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. నేలమీద తిరిగే పాముల్లో ఇంత విస్తారంగా పాకింది ఇంకోటి లేదు. ఆఫ్రికా తీరాలు, అరేబియా, మెక్సికో, ఫ్లోరిడా, ఆస్ట్రేలియాలో డార్విన్ వైపు, ఈమధ్య స్పెయిన్, ఇటలీల్లో కూడా. హవాయి దీవులకి 1930 ప్రాంతంలో ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన మొక్కల మట్టిలో వెళ్ళిందంటారు. నేలమీద బతికే పాము హవాయిలో స్థిరపడింది ఇదొక్కటే.

ఇదంతా మొక్కల వ్యాపారం పుణ్యం. వేరే పాము ఏదైనా కొత్త దేశంలో నిలదొక్కుకోవాలంటే ఆడా మగా రెండూ చేరాలి, ఒకదానికొకటి దొరకాలి. దీనికి ఒక్కటి చాలు, ఆ మాటకొస్తే మట్టిలో ఒక్క గుడ్డు మిగిలినా చాలు. వెళ్ళినచోట చీమలు ఎలాగూ ఉంటాయి. కడియం నర్సరీల్లోంచి మట్టితో సహా లారీల్లో మొక్కలు దేశమంతా వెళ్ళడం చూసినవాళ్ళకి ఇది పెద్ద వింతగా అనిపించదు.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి మాత్రం ఒక సూచన: అక్కడ స్థానికంగా వేరే గుడ్డిపాములు కూడా ఉన్నాయి, అవి గులాబీ, లేత గోధుమ రంగుల్లో ఉంటాయి.

నిజంగానే గుడ్డిదా?

వెలుగు, చీకటి తెలుస్తాయి. ఆకారాలు కనబడవు. టార్చి వేస్తే వెంటనే చీకటివైపు తిరుగుతుంది. మిగతా వ్యవహారమంతా నాలుకతో, వాసనతో. చీమలు వదిలిన వాసన దారి పట్టుకుని నేరుగా వాటి గూటికి చేరే గుణం గుడ్డిపాముల్లో ఉంది.

దీన్ని తినే జంతువులేంటి?

కోళ్ళు, కాకులు, పిల్లులు, కప్పలు, ఇతర పాములు. కట్లపాము లాంటివి చిన్న పాముల్ని బాగా తింటాయి, అందులో ఇవీ ఉంటాయి.

తూర్పు తిమోర్‌లో పరిశోధకులు ఒక గోదురుకప్ప వెనకభాగంలోంచి ఏదో వేలాడుతుంటే చూశారు. ఈ జాతి గుడ్డిపాము. కప్ప మింగితే పేగులన్నీ దాటుకుని అవతలివైపునుంచి ప్రాణంతో బయటపడింది! కొన్ని గంటలకే చచ్చిపోయిందనుకోండి, 2013లో దాని మీద ఒక పత్రమే వచ్చింది. టెక్సస్‌లో ఇంకో వింత ఉంది. అక్కడి స్క్రీచ్ ఔల్ అనే గుడ్లగూబ, అక్కడి జాతి గుడ్డిపాముల్ని చంపకుండా తెచ్చి గూట్లో వదులుతుంది. అవి గూటి చెత్తలోని పురుగుల్ని తింటూ ఉండిపోతాయి. అలాంటి గూళ్ళలో పిల్లలు బాగా ఎదుగుతున్నాయని, తక్కువగా చనిపోతున్నాయని 1987లో తేల్చారు.

బాత్రూంలోకే ఎందుకొస్తాయి? మాది రెండో అంతస్తు.

వాన నీళ్ళు మట్టిలోకి దిగితే వాటి దారులు మునిగిపోతాయి, పొడిచోటు వెతుక్కుంటూ పైకొస్తాయి. గోడ పగుళ్ళు, తూము పైపుల పక్కన ఖాళీలు, టైల్స్ మధ్య సిమెంటు రాలిన సందులు వాటికి దారులు. పై అంతస్తుల్లో అయితే ముందు బాల్కనీ కుండీలు చూడండి. కొత్త మొక్క, పేడ ఎరువు, మట్టి బస్తా ఏదైనా ఈమధ్య తెచ్చారేమో గుర్తుచేసుకోండి.

తరచూ కనిపిస్తుంటే ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. తిండి లేనిచోటికి ఏ జీవీ పదేపదే రాదు. గోడ లోపలో చౌకట్టు కిందో చీమల గూడుగానీ చెదలుగానీ ఉండొచ్చు. ముందు తలుపు చౌకట్లు తట్టి చూడండి.

కనిపిస్తే ఏం చేయాలి? ఉప్పు చల్లొచ్చా?

ఉప్పు, ఫినాయిల్, కిరోసిన్, యాసిడ్ ఏవీ వద్దు. అవి పాముకి చిత్రహింస, బాత్రూంలో యాసిడ్ పొగ మీకూ మంచిది కాదు. గట్టి కాగితం ఒకటి ముందు పెట్టి, చీపురు కొసతో నెమ్మదిగా దానిమీదికి తోయండి. చేటయినా సరే. తీసుకెళ్ళి నీడలో, తడి మట్టి దగ్గర వదలండి. ఎండలో, సిమెంటు గచ్చు మీద వదిలితే ఎండిపోయి చచ్చిపోతుంది. మట్టి తగలగానే క్షణాల్లో తలదూర్చి మాయమవుతుంది.

దీనికోసం పాములు పట్టేవాళ్ళని పిలవక్కర్లేదు. ఏ పామో తెలియకపోతే మాత్రం పిలవండి. హైదరాబాద్‌లో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళున్నారు, మిగతాచోట్ల అటవీశాఖని అడగండి. మళ్ళీ రాకుండా తూముకి సన్నకన్ను జాలీ వేయించి, సందుల్లో తెల్లసిమెంటు పూయిస్తే సరిపోతుంది.

నిద్రలో చెవిలో దూరుతుందంటారు?

అది చీమల గూళ్ళు వెతుక్కునే జీవి, మన చెవిలో దానికేం పని లేదు. నేలమీద పడుకునేవాళ్ళకి భయంగా ఉంటే చాప కింద చూసుకుని పడుకోండి. గుడ్డిపాముకంటే జెర్రి కోసమైనా అది మంచి అలవాటే.

ఇంట్లో కనిపిస్తే అరిష్టమా?

కాదు. వాన పడిందని గుర్తు, అంతే.

మాకు కనిపించింది నీలంగా, బూడిద రంగులో ఉంది. వేరే జాతా?

కుబుసం విడవడానికి సిద్ధంగా ఉన్నప్పుడు ఒళ్ళు అలా పాలిపోతుంది. కొద్దిరోజుల్లో మళ్ళీ నల్లగా నిగనిగలాడుతుంది.

మన దగ్గర ఇంకా వేరే గుడ్డిపాములు ఉన్నాయా?

ఉన్నాయి. అందులో చూడదగ్గది గ్రిపోటిఫ్లాప్స్ అక్యూటస్. మూతి చిలకముక్కులా కిందికి వంగి ఉంటుంది, 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మన దేశపు గుడ్డిపాముల్లో అదే పెద్దది. దక్కన్ అంతా ఉన్నా నేలలోపలే ఉండిపోవడంతో కంటపడటం తక్కువ. బావులు, పునాదులు తవ్వేవాళ్ళకి ఒక్కోసారి దొరుకుతుంది. ఇండోటిఫ్లాప్స్ పామెసెస్ అని ఇంకోటి దక్షిణాదిలో ఉంది, అది బ్రామినస్ లాగే సన్నగా చిన్నగా ఉంటుంది. రెంటినీ ఫోటో చూసి విడదీయడం కష్టం, పొలుసుల్ని దగ్గరగా పరిశీలించాలి.

పిల్లలు పెంచుకుంటామంటున్నారు. కుదురుతుందా?

వద్దు. రోజూ చీమగుడ్లు తెచ్చి పెట్టలేరు, మట్టిలో తడి కాస్త తగ్గినా అది బతకదు. పిల్లలకి చూపించాలనుకుంటే ఒక గాజుసీసాలో తడి మట్టి వేసి కాసేపు ఉంచండి. నాలుక, కళ్ళచుక్కలు, తోక ముల్లు మూడూ చూపించి, అదే సాయంత్రం కుండీ దగ్గరే వదిలేయండి. ఆ కుండీని ఇంకో ఊరికో ఇంకో దేశానికో పంపేటట్టయితే మాత్రం ముందు మట్టి దులిపి, వేళ్ళు కడిగి, కొత్త మట్టిలో నాటి పంపండి.